ఉత్తర తెలంగాణలో చరిత్ర శాఖ చేయవలసిన పని

సభాధ్యక్షులకు, చరిత్ర శాఖ ఆచార్యులకు, పరిశోధక విద్యార్థులకు, చుట్టుపక్కల కళాశాలల నుంచి శ్రమ తీసుకుని వచ్చిన అధ్యాపక మిత్రులకు నమస్కారం.

ఒక విశ్వవిద్యాలయంలో చరిత్ర శాఖ ఎదిగిందా లేదా అని తేల్చడానికి మనం సాధారణంగా ఎందరు ఆచార్యులున్నారు, ఎన్ని పీహెచ్‌డీలు వచ్చాయి, ఎన్ని సదస్సులు జరిగాయి అని లెక్క చూస్తాం. నిధులు ఆ లెక్కల మీదే ఆధారపడతాయి కాబట్టి వాటిని కాదనలేం. అయితే ఈరోజు నేను మరొక ప్రమాణాన్ని మీ ముందు ఉంచదలిచాను. అంతవరకు ఎవరూ చదవని ఆధారాలను ఆ శాఖ ఎన్నింటిని చదివింది, వాటిని చదివే శక్తిని తర్వాతి తరానికి ఎంతవరకు అందించింది అన్నదే ఆ ప్రమాణం. వరంగల్లు వంటి చోట, ఆధారాలు ఊరి చెరువుకట్ట మీదే నిలబడి ఉన్న ప్రాంతంలో, చరిత్ర శాఖను ఇంతకన్నా చిన్న కొలతతో కొలవడం న్యాయం కాదని నా అభిప్రాయం.

మన ప్రాంతంలో చరిత్ర పరిశోధన విశ్వవిద్యాలయంలో పుట్టలేదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో ఇక్కడే హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం ఏర్పడిన నాటికి నిజాం రాజ్యంలో తెలుగులో ఉన్నత చదువు అన్న మాటే లేదు. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు పేరు మీద నడిచిన పరిశోధక మండలిలో ఆదిరాజు వీరభద్రరావు వంటివారు జీతం భత్యం లేకుండా శాసనాలు సేకరించారు. 'తెలంగాణా శాసనములు' మొదటి సంపుటం 1935లో వెలువడిందంటే అది వారి చలవే. ప్రభుత్వం వైపు నుంచి 1914లో ఏర్పడిన నిజాం పురావస్తు శాఖ గులాం యాజ్దానీ ఆధ్వర్యంలో కట్టడాలను, శాసనాలను నమోదు చేస్తూ వచ్చింది. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో హరూన్ ఖాన్ షేర్వానీ వంటి గొప్ప ఆచార్యులు బహమనీల, కుతుబ్‌షాహీల చరిత్రకు గట్టి పునాది వేశారు. అయితే అక్కడ బోధన ఉర్దూలో సాగేది. తెలుగు శాసనం చదివేవారు విశ్వవిద్యాలయం బయట, దక్కన్ చరిత్ర బోధించేవారు లోపల ఉండిపోయారు. ఈ ఎడం పూర్తిగా పూడిందని ఇప్పటికీ చెప్పలేం.

కాకతీయ విశ్వవిద్యాలయం 1976 ఆగస్టు 19న ఏర్పడింది. అంతకుముందు ఇక్కడ ఉన్నది ఉస్మానియా వారి స్నాతకోత్తర కేంద్రం. అప్పటి వరంగల్, ఖమ్మం, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పిల్లలకు హైదరాబాదు వెళ్లకుండా ఎం.ఏ. చదివే అవకాశం దీంతో స్థిరపడింది. దీనికి రెండేళ్ల ముందే, 1974లో, రాష్ట్ర పురావస్తు శాఖ వరంగల్ జిల్లా శాసనాలను నేలటూరి వెంకటరమణయ్య సంపాదకత్వంలో, కరీంనగర్ జిల్లా శాసనాలను పి.వి. పరబ్రహ్మశాస్త్రి సంపాదకత్వంలో అచ్చువేసింది. కాకతీయుల మీద పరబ్రహ్మశాస్త్రి రాసిన పరిశోధన గ్రంథం 1978లో వచ్చింది. అంటే కొత్తగా పుట్టిన విశ్వవిద్యాలయానికి తొలి రోజుల్లోనే పెద్ద ఆస్తి చేతికందింది. 1992-93లో భారత చరిత్ర కాంగ్రెస్ 53వ సమావేశం వరంగల్లులో జరిగే నాటికి ఈ ప్రాంతానికి జాతీయ స్థాయి చర్చల్లో చోటు దక్కింది. తర్వాత నిజామాబాదులో 2006లో తెలంగాణ విశ్వవిద్యాలయం, కరీంనగర్‌లో 2008లో శాతవాహన విశ్వవిద్యాలయం వచ్చాయి. పరిధి పంచుకునే సంస్థలు పెరిగాయి గాని, చదవవలసిన రాళ్లు, కాగితాలు ఏమాత్రం తగ్గలేదు.

ఒక్క శాసనం ఏం చేయగలదో చూద్దాం. రుద్రమదేవి పాలన 1295 ప్రాంతం వరకు సాగిందని చాలాకాలం చరిత్ర పుస్తకాల్లో రాసేవారు. నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చందుపట్లలో దొరికిన శాసనం ఆ మాటను మార్చేసింది. 1289 నవంబరు నాటి ఆ శాసనాన్ని వేయించినవాడు పువ్వుల ముమ్మడి. రుద్రమదేవికి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికి శివలోకప్రాప్తి కలగాలని అతను దేవుడికి భూమి ఇచ్చాడు. ఇద్దరి పేర్లు కలిపి చెప్పడాన్ని బట్టి, ఆమె మీద తిరుగుబాటు చేసిన సామంతుడు కాయస్థ అంబదేవుడితో జరిగిన పోరులో వారిద్దరూ కలిసే మరణించి ఉంటారని చరిత్రకారులు ఊహించారు. ఒక మహారాణి మరణ సంవత్సరం, బహుశా ఆమె మరణించిన తీరు కూడా, ఆస్థాన కవుల కావ్యాల ద్వారా కాక ఒక సైనికాధికారి చేసిన చిన్న దానం ద్వారా మనకు తెలిశాయి. రాజుల ప్రశస్తి శాసనాలనే వెదికి, ఊరి గుడికి ఇచ్చిన కుంచెడు పొలం లెక్కను పక్కన పెట్టే అలవాటు ఎంత నష్టదాయకమో దీన్ని బట్టి తెలుస్తుంది. మహబూబాబాద్ జిల్లా బయ్యారం చెరువు శాసనం సంగతీ ఇలాంటిదే. గణపతిదేవుని సోదరి మైలాంబ చెరువు తవ్వించిన సందర్భంలో వేయించిన ఆ శాసనం కాకతీయుల పూర్వీకుల వరుసను వెన్నయ నుంచి చెప్పడం వల్లనే ఆ వంశం తొలి చరిత్ర మనకు ఒక క్రమంలో దొరికింది.

శాసనం అచ్చు తీయడం ఎం.ఏ. చరిత్ర చదివే ప్రతి విద్యార్థీ కనీసం ఒకసారి తన చేతులతో చేయాలి. రాతి మీది నాచును, సున్నాన్ని, పసుపు కుంకుమల పొరను నీళ్లతో, మెత్తటి బ్రష్షుతో ఓపికగా తుడవాలి. తడిపిన కాగితాన్ని రాయి మీద పరిచి, గాలి బుడగలు లేకుండా బ్రష్షుతో కొడుతూ పోతే కాగితం అక్షరాల గాడిలోకి దిగుతుంది. అది కాస్త ఆరుతుండగా సిరా అద్దిన గుడ్డ ఉండతో తట్టాలి. అప్పుడు నల్లని నేల మీద తెల్లగా అక్షరాలు లేస్తాయి. కళ్లతో చూసినప్పుడు పగులు అనుకున్నది కొమ్ము అని, సున్న అనుకున్నది రాతి పెచ్చు ఊడిన గుంట అని ఆ కాగితం మీదే బోధపడుతుంది. అచ్చయిన పాఠంలో సంపాదకుడు కుండలీకరణాల్లో పెట్టిన అక్షరం ఎంత ఆలోచన మీద అక్కడికి చేరిందో స్వయంగా ఒక పంక్తి చదివినవాడికే తెలుస్తుంది. ఇప్పుడు ఫోన్లతో, కోణం మార్చి వేసిన వెలుతురుతో మంచి ఫోటోలు తీయవచ్చు, తీయాలి కూడా. కాని 12వ శతాబ్దపు తెలుగు-కన్నడ లిపిని గుర్తుపట్టలేని విద్యార్థికి ఎంత మంచి ఫోటో ఇచ్చినా ఉపయోగం లేదు. వేయిస్తంభాల గుడిలోని 1163 నాటి రుద్రదేవుని శాసనం మన క్యాంపస్ నుంచి ఆటోలో వెళ్లేంత దూరంలో ఉంది. దాన్ని అచ్చు పుస్తకంలో కాక రాతి మీద చదవగలిగిన ఎం.ఏ. విద్యార్థులు మన తరగతి గదుల్లో ఎందరున్నారో మనలో ప్రతి ఒక్కరూ ఆలోచించాలి.

భాషల విషయం మరింత ముఖ్యం. కరీంనగర్ జిల్లా గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్ట మీద కన్నడ మహాకవి పంప తమ్ముడు జినవల్లభుడు 10వ శతాబ్దంలో వేయించిన శాసనంలో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. అందులోని తెలుగు కంద పద్యాలను మనం సగర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవలసిందే. కాని ఆ శాసనాన్ని మొత్తంగా అర్థం చేసుకోవాలంటే కన్నడం, కొంత సంస్కృతం, జైన సంప్రదాయం తెలియాలి. ఇంకా ముందుకు వస్తే, అసఫ్ జాహీల కాలం మొత్తానికి పాలనా కాగితాలు మొదట ఫారసీలో, 19వ శతాబ్దం చివరి నుంచి ఉర్దూలో ఉన్నాయి. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారంలో ఉన్న ఆ దఫ్తరాల్లో మన తాలూకాల శిస్తు లెక్కలు, ఇనాముల తగాదాలు, చెరువుల మరమ్మతు అర్జీలు ఉన్నాయి. వాటిలో చాలా భాగం షికస్తా అనే గొలుసుకట్టు రాతలో ఉండటం వల్ల అచ్చు ఉర్దూ చదవగలిగినవారికి కూడా కొరుకుడు పడవు. ఎలగందుల కోట గురించి, ఓరుగల్లు సర్కారు గురించి రాసేవారు ఈ కాగితాలను వదిలి ఇంగ్లీషు గెజిటీర్ల మీద ఆధారపడటం ఒక అలవాటుగా మారిపోయింది. ఉర్దూ శాఖ మన విశ్వవిద్యాలయాల్లో పక్క గదుల్లోనే ఉంటుంది. ఇద్దరూ కలిసి ఆరు నెలల ఫారసీ-షికస్తా కోర్సు నడపడానికి కొత్త భవనం గాని, పెద్ద గ్రాంటు గాని అక్కరలేదు.

మన ఊళ్ల రెవెన్యూ కాగితాలు కూడా చరిత్ర ఆధారాలే. 1954-55 నాటి ఖాస్రా పహాణీని, అంటే ఊరి భూముల రిజిస్టరును, భూమి తగాదా ఉన్నవాళ్లు, వారి వకీళ్లు తప్ప మరెవరూ చూడరు. హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చిన కొత్తలో, సాయుధ పోరాటం విరమించిన మూడు నాలుగేళ్లకు, ఏ సర్వే నంబరు ఎవరి పేరు మీద ఉంది, అనుభవంలో ఎవరున్నారు అన్నది ఆ పహాణీ చెబుతుంది. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండిలో గాని, చాకలి ఐలమ్మ పొలం కోసం నిలబడిన పాలకుర్తిలో గాని పోరాటం తర్వాత భూమి నిజంగా ఎవరి చేతికి వచ్చింది అన్న ప్రశ్నకు ఉపన్యాసాలతో జవాబు దొరకదు. పోరాటం నాటి మాటలను నమోదు చేయడంలో కూడా విశ్వవిద్యాలయాలు వెనకబడ్డాయి. 1980లలో స్త్రీ శక్తి సంఘటన సభ్యులు పోరాటంలో పాల్గొన్న స్త్రీలను కలిసి వారి మాటలను వారి మాటల్లోనే అచ్చు వేయించారు. ఆ పని విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖల నుంచి మొదట రాకపోవడం మనకు బాధ కలిగించవలసిన విషయం. ఆ తరం వాళ్లు ఇప్పుడు దాదాపుగా లేరు. 1969 ఉద్యమంలో విద్యార్థులుగా ఉన్నవారు మాత్రం ఇంకా మన మధ్య ఉన్నారు, వారిప్పుడు డెబ్బై దాటినవారు.

ఆదివాసీ ప్రాంతాల దగ్గరికి వచ్చేసరికి రాయీ కాగితమూ రెండూ సరిపోవు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం మరణించాకనే నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ను పిలిపించి గోండుల జీవితాన్ని అధ్యయనం చేయించింది. అంటే మనకున్న రాతపూర్వక ఆధారంలో పెద్ద భాగం తిరుగుబాటుకు భయపడిన ప్రభుత్వం కోరి తెప్పించుకున్నదే. గోండుల వంశగాథలను కీక్రీ అనే తీగవాద్యం వాయిస్తూ పాడే ప్రధాన్ తెగవారి పాటలు, ములుగు అడవుల్లో కోయల కథాగాయకులైన డోలీలు పడిగెలు అనే బొమ్మల జెండాలు విప్పి చెప్పే కథలు మరొక వైపు నుంచి అదే కాలాన్ని చూస్తాయి. సమ్మక్క సారలమ్మల కథను ప్రతాపరుద్రుని పాలనతో ముడిపెట్టి చెప్పుకునేది ఈ మౌఖిక సంప్రదాయంలోనే. అందులో చరిత్ర ఎంత, విశ్వాసం ఎంత అని తొందరపడి కోత పెట్టడం కన్నా, ఏ డోలీ ఏ గోత్రం కథను ఎలా చెబుతున్నాడో ముందు పూర్తిగా నమోదు చేయడం మన పని. గోండీ, కోయ ఇళ్లలో మాట్లాడే విద్యార్థులు మన ఎం.ఏ. తరగతుల్లో ఉన్నారు. ఈ విషయంలో వారికున్న అర్హత ఆచార్యులమైన మనకు లేదు.

ఇక అడ్డంకుల గురించి క్లుప్తంగా చెబుతాను, అవి మీ అందరికీ తెలిసినవే. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక ఖాళీలు ఏళ్ల తరబడి నిండటం లేదు. తెలంగాణ చరిత్ర, ఉద్యమం గ్రూప్స్ పరీక్షల్లో ముఖ్యమైన భాగం కావడంతో చరిత్ర చదివేవారు పెరిగారు, సంతోషమే. కాని గైడు పుస్తకంలోని బిట్లే చరిత్ర అనుకునే ప్రమాదం కూడా దానితో పాటే వచ్చింది. ఉద్యోగం కోసం చదివే పిల్లవాణ్ని తప్పు పట్టడం అన్యాయం. అతని ఇంటి పరిస్థితి అలాంటిది. వీటన్నిటికన్నా నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది 2022లో యూజీసీ నిబంధనలతో ఎం.ఫిల్. ఆగిపోవడం. ఎం.ఏ.లో పాఠ్యపుస్తకం చదివిన విద్యార్థి ఆధారం చదవడం నేర్చుకునే మెట్టు అదే. ఇప్పుడు అతను నేరుగా పీహెచ్‌డీలోకి వస్తున్నాడు, లిపి, భాష నేర్చుకోవలసిన సమయంలో సారాంశాలు రాస్తున్నాడు. ఆ మెట్టును ఎం.ఏ. రెండో సంవత్సరంలోకి తేవడం తప్ప మనకు వేరే దారి కనబడదు.

అందుకు నా ప్రతిపాదన ఇది. రెండో సంవత్సరం విద్యార్థుల ప్రాజెక్టును ఒక్కో మండలం ఆధారాల పట్టికగా మార్చాలి. 1974 సంపుటాల్లో ఆ మండలానికి చెందిన శాసనాలు ఇప్పుడు ఎక్కడ, ఏ స్థితిలో ఉన్నాయో వెళ్లి చూసి రాయాలి. జిల్లాలు 2016లో, ఆ తర్వాత 2019లో విడిపోయాక పాత లెక్కలో వరంగల్ కింద ఉన్న పాలంపేట ములుగుకు వెళ్లింది, ఖమ్మం కింద ఉన్న బయ్యారం మహబూబాబాద్‌కు వచ్చింది, కరీంనగర్ కింద ఉన్న కోటిలింగాల జగిత్యాలకు, ధూళికట్ట పెద్దపల్లికి వెళ్లాయి. కాబట్టి పాత పేరుకు కొత్త చిరునామా కలిపే పట్టిక ఒకటి అత్యవసరం. కోటిలింగాలలో స్థానికులు గోదావరి ఒడ్డున ఏరి దాచిన నాణేల్లోనే శాతవాహన వంశ మూలపురుషుడు సిముకుని పేరున్నవి బయటపడ్డాయని, ఆ ఊరి దాకా ఇప్పుడు ఎల్లంపల్లి జలాశయం నీరు వచ్చిందని గుర్తు పెట్టుకుంటే ఈ పనికి తొందర ఎందుకో వేరుగా చెప్పనక్కరలేదు. ప్రతి పట్టికకూ మూడు ప్రతులు తీయించి ఒకటి శాఖలో, ఒకటి పురావస్తు శాఖకు, మరొకటి ఆయా గ్రామ పంచాయతీలకు ఇవ్వాలి. తమ ఊరి రాయి మీద ఏముందో తెలిసిన పంచాయతీ దాన్ని రోడ్డు పనిలో పూడ్చనివ్వదు.

మొదటి మండలంగా ఐనవోలును తీసుకోవచ్చు. కాకతీయుల నాటి గుడి, తోరణాలు, శాసనాలు ఉన్న చోటు, క్యాంపస్ నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. సంక్రాంతికి మల్లన్న జాతర మొదలైతే గుడి ఆవరణలో కాగితం పరిచే వీలుండదు కాబట్టి, వరి కోతలు అయ్యాక డిసెంబరు మొదటి వారాల్లోనే పని ముగించేలా శాఖ ఈ సెమిస్టరు కాలపట్టికను సవరించాలని కోరుతున్నాను. నమస్కారం.