నిద్ర పరీక్ష: ఇంట్లోనా, ఆసుపత్రిలోనా?

శ్రోతలకు నమస్కారం.

పెద్దగా గురక పెడుతూ, నడుమ కొన్ని క్షణాలు చప్పుడు లేకుండా ఉండిపోయి, అంతలోనే ఉక్కిరిబిక్కిరై గట్టిగా ఊపిరి పీల్చుకునే మనిషి ఇంట్లో ఉంటే, ఆ సంగతి ఆయనకంటే ముందు పక్కన పడుకునేవారికే తెలుస్తుంది. నిద్రలో గొంతు వెనుక భాగం మూసుకుపోయి శ్వాస పదేపదే ఆగిపోయే ఈ జబ్బును స్లీప్ ఆప్నియా అంటారు. అనుమానంతో వైద్యుని దగ్గరకు వెళితే స్లీప్ స్టడీ చేయించమంటారు. దానిని ఇంట్లో చేయించుకోవడమా, ఆసుపత్రిలో ఒక రాత్రి పడుకుని చేయించుకోవడమా అన్న ప్రశ్న అక్కడ మొదలవుతుంది.

ఆసుపత్రిలో చేసే పరీక్ష పేరు పాలీసోమ్నోగ్రఫీ. తలపైన, కళ్ల పక్కన, గడ్డం కింద, కాళ్లకు చిన్న తీగలు అతికించి, ఛాతీకి, పొట్టకు పట్టీలు చుట్టి, ముక్కు దగ్గర సన్నని గొట్టం, వేలికి ఆక్సీమీటరు అమరుస్తారు. మెదడు తరంగాలు, కంటి కదలికలు, గుండె లయ, శ్వాస, రక్తంలో ప్రాణవాయువు తెల్లవార్లూ నమోదవుతూనే ఉంటాయి. పక్క గదిలో టెక్నీషియన్ మేలుకుని ఉంటారు కనుక, అర్ధరాత్రి ముక్కు గొట్టం జారిపోతే తెరపై గీత చదునుగా మారగానే వచ్చి సరిచేస్తారు. ఇన్ని తీగల మధ్య కొత్తచోట నిద్ర పట్టడం కష్టమే. అయినా సాధారణంగా రోగ నిర్ధారణకు సరిపడా నిద్ర దొరుకుతుంది.

ఇంటికి ఇచ్చే పరికరం చాలా చిన్నది. ముక్కు గొట్టం, ఛాతీ పట్టీ, ఆక్సీమీటరు, అంతే; పడుకునే ముందు మనమే పెట్టుకోవాలి. మన మంచం, మన దిండు, ఖర్చూ తక్కువ. కానీ ఈ తరహా పరికరాలలో చాలావాటికి మెదడు తరంగాలను చూసే ఏర్పాటు ఉండదు, కాబట్టి మనిషి నిద్రపోతున్నాడో, కళ్లు మూసుకుని పడుకున్నాడో వాటికి తెలియదు. ఎంపికలో అసలు మెలిక ఇక్కడే ఉంది.

జబ్బు తీవ్రతను గంటకు ఎన్నిసార్లు శ్వాస ఆగింది లేదా బాగా తగ్గింది అన్న లెక్కతో కొలుస్తారు. కనీసం 10 సెకన్లు ఉంటేనే లెక్కలోకి తీసుకుంటారు. గంటకు 5 నుంచి 15 లోపు స్వల్పం, 15 నుంచి 30 లోపు మధ్యస్థం, 30 ఆపైన తీవ్రం. ఒకరికి రాత్రంతా 84 సార్లు అలా జరిగిందనుకుందాం. పరికరం 7 గంటలు నడిచింది. ఆయన నిజంగా నిద్రపోయింది 4 గంటలే. ఇంటి పరికరం 84ను 7తో భాగించి 12 అంటుంది. ఆసుపత్రిలో అయితే 4తో భాగించి 21 అని తేలుస్తారు. మనిషి ఒకరే, రాత్రి ఒకటే, ఒక కాగితంలో స్వల్పం, మరొక కాగితంలో మధ్యస్థం.

అందుచేత నా అభిప్రాయంలో, జబ్బు ఉందని ఇంటి పరీక్ష చెబితే నమ్మవచ్చు; లేదని చెబితే, లక్షణాలు కొనసాగుతుండగా అక్కడితో ఊరుకోకూడదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా, ఇంటి పరీక్షలో జబ్బు లేదని వచ్చినా, ఫలితం తేలకపోయినా పాలీసోమ్నోగ్రఫీ చేయించాలనే చెబుతున్నాయి.

గురక, పగటి మత్తు, రక్తపోటు, స్థూలకాయం వంటి లక్షణాలు స్పష్టంగా ఉండి, ఇతర పెద్ద జబ్బులు లేని పెద్దవారికి ఇంటి పరీక్ష చక్కగా సరిపోతుంది. అలాంటివారిని స్లీప్ ల్యాబ్‌లో ఖాళీ కోసం నెలల తరబడి నిరీక్షింపజేయడం మంచిది కాదు. గుండె వైఫల్యం, తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు, కండరాల బలహీనత ఉన్నవారు, ఇదివరకు పక్షవాతం వచ్చినవారు, నల్లమందు జాతి నొప్పి మందులు చాలాకాలంగా వాడుతున్నవారు మాత్రం ఆసుపత్రికే వెళ్లాలి. వీరిలో గొంతు మూసుకుపోకపోయినా, మెదడు నుంచి ఊపిరి తీయమనే ఆదేశం అందక శ్వాస ఆగే అవకాశం ఉంటుంది. పిల్లలకూ, నిద్రలో లేచి కొట్టడం, కేకలు వేయడం వంటివి చేసేవారికీ ల్యాబ్ పరీక్షే తగినది.

ఆసుపత్రి రాత్రికి మరొక సౌకర్యం ఉంది. మొదటి కొన్ని గంటలలోనే జబ్బు తీవ్రంగా బయటపడితే, మిగిలిన రాత్రి, మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకుపోకుండా చూసే సీప్యాప్ యంత్రం తగిలించి, ఎంత గాలి ఒత్తిడి సరిపోతుందో కూడా అప్పుడే చూడగలరు.

ఏ పరీక్షకైనా ముందు గోళ్లరంగు తీసివేయండి, మద్యం ముట్టకండి, రోజూ వేసుకునే మందులను వైద్యుని అడగకుండా ఆపకండి. ఇంటి పరీక్ష అయితే, పరికరాన్ని పెట్టుకునే తీరును అక్కడి సిబ్బంది ఎదుటే ఒకసారి చేసి చూపించి, తర్వాతే ఇంటికి తెచ్చుకోండి.

నమస్కారం.