పదవీ విరమణతో పాటు వెళ్ళిపోయే పనితనం

నిర్వాహకురాలు: నమస్కారం. వేలమంది పనిచేసే సంస్థలో అనుభవంతో అబ్బిన జ్ఞానాన్ని అందరికీ అందేలా భద్రపరచాలంటే ఎక్కడ మొదలుపెట్టాలన్నది నేటి చర్చ. ఆచార్యులవారూ, సాఫ్ట్‌వేర్ కొనుగోలుతోనేనా?

ఆచార్యులు: కాదండీ. ఫోటోకాపీ యంత్రాలు తయారుచేసే జిరాక్స్ సంస్థ అనుభవం చూడండి. 1980లలో ఆ సంస్థ పరిశోధన కేంద్రంలోని జూలియన్ ఆర్ అనే మానవశాస్త్రవేత్త, యంత్రాలు బాగుచేసే సిబ్బంది వెంట తిరిగి, వాళ్ళు మొండి సమస్యలను మాన్యువల్‌తో కన్నా భోజనాల దగ్గర ఒకరికొకరు చెప్పుకునే కథలతోనే ఎక్కువగా పరిష్కరించుకుంటున్నారని గమనించారు. ఆ కబుర్లను కాలక్షేపమని కొట్టిపారేయకుండా, వాటినే పదిలపరిచే యురేకా వ్యవస్థను 1990లలో మొదట ఫ్రాన్స్‌లో ప్రయోగించారు. ఎవరైనా ఒక చిట్కా పంపితే, ఆ యంత్రం బాగా తెలిసిన తోటివారు సరిచూశాకే అది అందరికీ చేరేది. దాదాపు 40,000 డాలర్ల యంత్రాన్ని మార్చేయబోయిన బ్రెజిల్ ఉద్యోగికి, మాంట్రియల్ ఉద్యోగి రాసిన చిట్కా వల్ల, లోపం డాలరు కూడా చేయని చిన్న భాగంలో ఉందని తెలిసింది.

నిర్వాహకురాలు: చిట్కాలు రాసినందుకు డబ్బిచ్చేవారా?

ఆచార్యులు: యాజమాన్యం ఇవ్వజూపితే సిబ్బందే వద్దన్నారు, చిట్కా పక్కన తమ పేరుంటే చాలన్నారు. మన ఇన్ఫోసిస్ మాత్రం రాసినవారికీ, సమీక్షించినవారికీ పాయింట్లు ఇచ్చింది. రాశి పెరిగింది కానీ నాణ్యతపై సందేహాలొచ్చి, ఆ పద్ధతిని మార్చుకోవలసి వచ్చింది. నా దృష్టిలో పాయింట్లు మొదటి ఆరు నెలలకే పనికొస్తాయి.

విశ్రాంత ఇంజినీరు: మాకైతే పాయింట్లు కూడా లేవు లెండి. మేము పనిచేసిన విద్యుత్ కేంద్రంలో పోర్టల్ తెరిచి, ప్రతి విభాగమూ నెలకు ఇన్ని పాఠాలు ఎక్కించాలని సర్క్యులర్ పంపారు. నెలాఖరున గుమాస్తా పాత నివేదికల్లోంచి నాలుగు పేరాలు తీసి ఎక్కించేవాడు. బాయిలర్ ట్యూబు లీకును శబ్దాన్ని బట్టే పసిగట్టగల మా ఫోర్‌మన్ గారు మాత్రం ఒక్క ముక్కైనా రాయకుండానే రిటైరయ్యారు. ఆయనను ఎవరూ అడగలేదు మరి.

నిర్వాహకురాలు: అడిగినా, చెవికి తెలిసినదాన్ని కాగితం మీద ఎలా పెడతారు?

విశ్రాంత ఇంజినీరు: పూర్తిగా పెట్టలేరు. అందుకే శాలువా కొనడానికి ఏడాది ముందే ఒక కుర్ర ఇంజినీరును ఆయన షిఫ్టులో వేయాలి. రాసే పని కుర్రవాడిది, తప్పులు దిద్దే పని పెద్దాయనది, పేర్లు మాత్రం ఇద్దరివీ ఉండాలి.

ఆచార్యులు: ఆ కుర్రవాడికి ఆ షిఫ్టులో వేరే డ్యూటీ వేయకూడదన్న ఉత్తర్వు కూడా కావాలండీ. సర్వర్‌కు నిధులిచ్చే సంస్థలు ఈ సమయాన్ని ఇవ్వడానికే వెనకాడతాయి.