పెట్టె విప్పినవాళ్ళు

సభకు నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దల పేర్లన్నీ అధ్యక్షులు ఇందాకే చదివారు. నేనూ మొదలుపెడితే మీరు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోతారు. అందుకని అందరికీ కలిపి ఒకటే దండం.

ఫైనలిస్టుల కృతుల మీద స్పందన ఎలా రాయాలో చెప్పమని నన్ను పిలిచారు. జాతీయ స్థాయి సమకాలీన కళా పురస్కారం అంటే ఎంట్రీలు కుప్పలుగా వస్తాయి, వడపోతలో కొన్నే మిగులుతాయి. మిగిలినవాటికి హాల్లో కాస్త గోడ, క్యాటలాగులో ఒక పేజీ. మీలో ఒక్కొక్కరికి ఒక్కో కృతి ఇచ్చారు, మూడు వందల మాటల్లో రాయమన్నారు. నేను మూడు విషయాలు కాగితం మీద రాసుకొచ్చాను. మూడోదాకా వెళ్తానన్న నమ్మకం మాత్రం లేదు.

మొదటిది, చూడండి. ఈ మాట చెప్పడానికి ఒక మనిషిని పిలిపించాలా అనుకుంటున్నారు కదా? పిలిపించాలి. ఎందుకంటే చూడకుండా రాసినవాణ్ణి నేను.

చాలా ఏళ్ళ కిందట ఇలాంటి పోటీకే నన్నూ రాయమన్నారు. ఫొటో పంపారు. అందులో తెల్లవి, గోధుమరంగువి చారలు, వరసలు వరసలుగా. కింద ‘మిశ్రమ మాధ్యమం’ అని రెండు ముక్కలు, అంటే రకరకాల వస్తువులు కలిపి చేసిందని. ఆ రెండు ముక్కల మీద నాకు వేరే కోపం ఉంది, దాని సంగతి తర్వాత. గడువు మర్నాడే. టెన్షన్‌లో కూర్చుని రాసేశాను. సముద్రం, అలలు, నురగ, ఒడ్డుకు కొట్టుకొచ్చే కాలం. ‘కాలం’ అన్న మాటే మూడుసార్లు వాడాను. అచ్చయింది. బాగుందని ఇద్దరు ఫోన్ కూడా చేశారు. వాళ్ళూ చూడలేదు.

ప్రదర్శన మొదలైన రోజు వెళ్ళాను. గోడ దగ్గరికి వెళ్ళేసరికి నా అలలు లేవు. చొక్కా కాలర్లున్నాయి. తొడిగి తొడిగి అరిగిపోయిన చొక్కాల కాలర్లు కత్తిరించి, లోపలి వైపు పైకి తిప్పి, ఒకదానికొకటి చేత్తో కుట్టి గోడంతా పరిచారు. నేను నురగ అనుకున్నది ఉతికి ఉతికి వెలిసిపోయిన బట్ట. ఇసుక అనుకున్న చార మెడ చెమట మరక. వంగి చూస్తే సబ్బు వాసన, దాని అడుగున ఇంకో వాసన. కొన్నిటి మీద లాండ్రీవాళ్ళు ఇంకుతో వేసిన గుర్తులు అలాగే ఉన్నాయి. కింది వరసలో రెండు మూడు మరీ చిన్న కాలర్లు, పిల్లలవి. వాటికి మరక లేదు.

పక్కన గ్యాలరీ సహాయకుడు ఒకాయన నిలబడి ఉన్నాడు. ఈ కృతి వచ్చిన చెక్కపెట్టెను విప్పిందీ, దీన్ని గోడకు బిగించిందీ ఆయనే. ఏదో ఒకటి మాట్లాడాలని, “మోయడానికి బరువుగా ఉందా?” అన్నాను. “బరువేం లేదు సార్. మూత తీశాక కాసేపు మావాళ్ళెవరూ మాట్లాడలేదు. ఒకడు మాత్రం తన కాలరు తడిమి చూసుకున్నాడు” అన్నాడు.

అయిపోయింది. ఆ కుర్రాడి చెయ్యి చేసిన పని నా మూడు వందల మాటలకు చేతకాలేదు.

ఆస్ట్రేలియాలో ఆర్చిబాల్డ్ ప్రైజ్ అని ఉంది, పోర్ట్రెయిట్లకు, అంటే మనుషుల రూపచిత్రాలకు, 1921 నుంచి ఇస్తున్నారు. 1991లో దాని పక్కన ప్యాకింగ్ రూమ్ ప్రైజ్ అని ఇంకొకటి పెట్టారు. వచ్చిన చిత్రాలను దించుకుని, విప్పి, గోడకు తగిలించే సిబ్బంది ఇచ్చే బహుమతి అది. కొందరికి అది సరదా. నాకు కాదు. ఎత్తినవాడికి బరువు తెలుసు, వెనకవైపు తెలుసు, ఏ మూల చేతికి గుచ్చుకుంటుందో తెలుసు.

ఆర్చిబాల్డ్ ప్రైజుదే ఇంకో కథ. 1943 సంవత్సరపు బహుమతి విలియం డోబెల్‌కు వచ్చింది, తోటి చిత్రకారుడు జాషువా స్మిత్ బొమ్మ వేసినందుకు. పోటీలో ఉన్న ఇద్దరు కోర్టుకెక్కారు. ఇది పోర్ట్రెయిట్ కాదు, వ్యంగ్యచిత్రం అని. 1944లో కేసు కొట్టేశారు. కోర్టులో ‘పోర్ట్రెయిట్ అంటే ఏమిటి’ అని వాదించుకుంటారు, అది వాళ్ళ పని. మనమూ స్పందన పేరుతో అదే చేస్తాం. ఇది శిల్పమా, అసలు కళేనా అని మొదటి పేరా అంతా తగవు పెట్టుకుంటాం. ఈలోపు కృతి పాపం గోడ మీదే ఉంటుంది.

మ్యూజియంలో జనం ఒక్కో బొమ్మ ముందు ఎంతసేపు నిలబడతారని న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో లెక్క తీశారు. 2001లో అచ్చయిన అధ్యయనం. సగటు 27 సెకన్లు. సగం మంది 17 సెకన్లు దాటలేదు. ఒక పని చేద్దాం. నేను నోరు మూసుకుంటాను, మీరు ముందున్న కుర్చీ వీపు చూడండి. 17 సెకన్లు.

చాలా పొడుగనిపించింది కదూ? ఇద్దరు దగ్గారు, ఒకరు ఫోన్ తీశారు. సరే, కుర్చీ వీపు మీద ఏదైనా గీత కనిపించినవాళ్ళు చెయ్యెత్తండి. అదిగో, ముగ్గురు. మీ ముగ్గురూ రాయగలరు.

రెండోది త్వరగా చెప్పేస్తాను. ఎవరు గెలుస్తారో జోస్యం చెప్పకండి. 1999లో బ్రిటన్‌లో సమకాలీన కళకిచ్చే టర్నర్ ప్రైజ్ స్టీవ్ మెక్‌క్వీన్‌ అనే కళాకారుడికి వచ్చింది. కానీ ఆ ఏడాది పేరెత్తితే జనం మాట్లాడేది ఫైనలిస్టుగా మిగిలిన ట్రేసీ ఎమిన్ గురించి, నలిగిన దుప్పట్లతో ఆవిడ పెట్టిన సొంత మంచం గురించి. అదే ప్రైజుకు 2019లో నలుగురు ఫైనలిస్టులూ కలిసి, మమ్మల్ని ఒక జట్టుగా చూడండని జ్యూరీని అడిగారు. జ్యూరీ ఒప్పుకుని నలుగురికీ కలిపి ఇచ్చింది. మనం మాత్రం గుర్రప్పందెం చూస్తున్నట్టు రాస్తాం.

అసలు నా బాధ వేరు. గెలిచినవాళ్ళ గురించి జ్యూరీ రాస్తుంది, పత్రికలు రాస్తాయి. గెలవనివాళ్ళకు చాలాసార్లు మిగిలేది మనం రాసిన ఆ ఒక్క పేజీ. కాలర్లు కుట్టినావిడకు బహుమతి రాలేదు. ఆరోజు హాల్లో కనిపించి, “మీరు రాసింది చదివాను. సముద్రం నాకూ ఇష్టమేనండీ” అంది. కోపంగా అంటే తేలిగ్గా ఉండేది. చాలాకాలం తర్వాత ఎక్కడో ఆవిడ బయోడేటా చూశాను. తన కృతి మీద వచ్చిన రచనల కింద ఒకే ఒక్క పేరుంది. నాది.

అందుకే ‘మిశ్రమ మాధ్యమం’ అని కనిపిస్తే ఊరుకోకండి. ఏం మిశ్రమం? ఏ గుడ్డ, ఏ దారం, ఎవరు తొడిగినది? ప్రదర్శన కూర్చిన క్యూరేటర్‌ను అడగండి, పెట్టె విప్పినవాళ్ళను అడగండి. అడగడానికి మొహమాటమైతే కనీసం దగ్గరికెళ్ళి వాసన చూడండి. ముట్టుకోవద్దు, కాపలా ఆయన నన్ను తిడతాడు.

మూడో విషయం ఉంది. అధ్యక్షులు రెండోసారి గడియారం చూశారు కాబట్టి అది వదిలేస్తున్నాను. హాలు ఆరింటిదాకా తెరిచే ఉంటుందట. క్యాటలాగులు కుర్చీల్లోనే పెట్టి వెళ్ళండి, వచ్చేదాకా నేను చూస్తుంటాను.