"దీనికి జత ఉందా?": తోలుబొమ్మల కళతో ఇంటి అలంకరణ కలెక్షన్

[చీకటి గది. స్విచ్ నొక్కిన చప్పుడు. తోలు ల్యాంప్‌షేడ్ వెలుగుతుంది. గోడ నిండా వెలుతురు చుక్కలు.]

ఈ చుక్కలు చూడండి. ఒక్కో చుక్కా ఉలి పెట్టి కొట్టిన ఒక్కో చిల్లు. బల్బు వేయకముందు ఇది మామూలు గోధుమరంగు తోలులా ఉంది. ఇప్పుడు నెమలి మెడ దగ్గరికి రండి. నీలం ఎలా మేలుకుందో చూడండి!

ఇది శ్రీ సత్యసాయి జిల్లా, ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో చేసే పని. తెర వెనక దీపం పెట్టి తరతరాలుగా రామాయణం, భారతం ఆడించిన కుటుంబాలు వీళ్లవి. ఆటలు తగ్గిపోయాక అదే మేకతోలుతో, అవే రంగులతో ల్యాంప్‌షేడ్లు, గోడ బొమ్మలు చేస్తున్నారు. ఈ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. కాబట్టి పనితనం గురించి నేను చెప్పేదేమీ లేదు. ఆ పని కొనేవాళ్ల ఇంటిదాకా ఎలా వెళ్తుందన్నదే ఈ వీడియో.

ఒక మేళాలో నా కళ్ల ముందు జరిగింది చెప్తాను. ఒకావిడ టేబుల్ ల్యాంప్ చేతిలోకి తీసుకున్నారు. చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. "దీనికి జత ఉందా?" అని అడిగారు. "లేదమ్మా, ఒక్కోటి ఒక్కోలా చేస్తాం" అన్నాడు కళాకారుడు, గర్వంగానే. ఆవిడ దాన్ని జాగ్రత్తగా కింద పెట్టి వెళ్లిపోయారు.

ఆయన గర్వంలో తప్పు లేదు. కానీ ఆవిడ మనసులో సోఫాకి అటొకటి, ఇటొకటి ఉన్నాయి. ఇంటికి కొనేవాళ్లు వస్తువుతో పాటు అది పెట్టబోయే మూలని కూడా కళ్ల ముందు ఊహించుకుంటారు. కలెక్షన్ అంటే ఆ మూలకి సరిపోయేలా, ఒకదానికొకటి జత కుదిరే నాలుగైదు వస్తువులు.

[బల్ల మీద ఒకే అంచు ఉన్న ల్యాంప్, గోడ బొమ్మ, గుమ్మానికి కట్టే చిలకల వరస.]

జత కుదరాలంటే అన్నీ ఒకేలా ఉండక్కర్లేదు. ఒక కథ ఎంచుకోండి. అశోకవనం అనుకుందాం. అందులో చెట్లున్నాయి, చిలకలున్నాయి, లేళ్లున్నాయి, హనుమంతుడున్నాడు. అన్ని వస్తువులకీ ఒకటే అంచు చెక్కండి. నాలుగు చిల్లుల పువ్వు, మధ్యలో ఒక గీత, మళ్లీ పువ్వు. రంగులు మూడే పెట్టుకోండి, నల్లగీత ఎలాగూ ఉంటుంది. పక్కపక్కన పెడితే చాలు, ఒకే ఇంటి పిల్లల్లా పోలిక తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక సంగతి చాలామంది పట్టించుకోరు. నేల మీద నిలబెట్టే పెద్ద ల్యాంప్ మీద రాముడి పట్టాభిషేకం చెక్కుతారు. అద్భుతంగా ఉంటుంది. కానీ మన ఇళ్లలో దేవుడి బొమ్మని కాళ్ల దగ్గర పెట్టుకోవడానికి మనసొప్పదు, పడగ్గదిలో అంటే ఇంకా ఆలోచిస్తారు. బాగుంది, బాగుంది అంటూనే వదిలేసి వెళ్తారు. అందుకే సీతమ్మ, హనుమంతుడు గోడ మీదకి వెళ్లాలి, కళ్లకి ఎదురుగా. కింద పెట్టే ల్యాంపుల మీద చెట్టు, లేడి, హంస ఉండాలి. కథ చెడదు, ఇంటికీ కుదురుతుంది.

పెద్ద షేడ్‌కి తోలు కోశాక చిన్న ముక్కలు మిగులుతాయి కదా. వాటిని పారేయకండి. చిలకలు కోసి దారానికి గుచ్చితే గుమ్మానికి కట్టుకునే వరస అవుతుంది. బుక్‌మార్క్ కూడా చేయొచ్చు. పెద్ద ల్యాంప్ ఇవాళ కొనలేని అమ్మాయి ఈ చిలకల వరస తీసుకెళ్తుంది, ఆ అంచు ఆమె ఇంట్లో రోజూ కనిపిస్తుంది. టీ కప్పుల కింద పెట్టే కోస్టర్లు మాత్రం వద్దు. ఈ తోలు తడి తగిలితే మెత్తబడి వంకర పోతుంది. అలాగే వేడెక్కే పాత బల్బు వాడితే ముడుచుకుంటుంది. "ఎల్ఈడీ మాత్రమే వాడండి, పొడిగుడ్డతో తుడవండి" అని ప్రతి షేడ్‌తో ఒక చీటీ పెట్టండి.

[తెర మీద లెక్క కనిపిస్తుంది.]

ఇప్పుడు అసలు దెబ్బ తగిలే చోటు, కొరియర్. చాలా కొరియర్లు తూకంతో పాటు డబ్బా సైజు కూడా లెక్కేస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు, వచ్చిన అంకెని కిలోలుగా తీసుకుంటారు. రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ. పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ 45 సెంటీమీటర్లున్న డబ్బాలో ఒక గుండ్రటి షేడ్ పెడితే లెక్క 18 కిలోలు దాటుతుంది. లోపల ఉన్నది కిలో కూడా ఉండదు! అదే తోలుని పలకలుగా చేసి, కొన్నవాళ్లే చట్రానికి బిగించుకునేలా ఇస్తే 60, 45, 5 సెంటీమీటర్ల డబ్బా చాలు. లెక్క 2.7 కిలోలు. గుండ్రంగానే ఉండాలంటే పైన సన్నగా, కింద వెడల్పుగా మూడు సైజులు చేయండి, గిన్నెల్లా ఒకదానిలో ఒకటి దూరతాయి.

అమెరికాలో ఉన్న మనవాళ్లు అడిగితే వైరు, హోల్డర్ లేకుండా షేడ్ ఒక్కటే పంపండి. అక్కడ కరెంటు 120 వోల్టులు, బల్బు మర తిప్పి బిగించేది. మన పిన్ హోల్డర్ వాళ్లకి పనికిరాదు.

గోడ బొమ్మలు ఏ4, ఏ3 సైజుల్లో చేస్తే మన దగ్గర రెడీమేడ్ ఫ్రేమ్ సులువుగా దొరుకుతుంది. ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

[మళ్లీ మొదటి గది. ల్యాంప్ పక్కన కుర్చీ.]

చివరగా ఫొటోలు. ప్రతి వస్తువుకీ లైటు ఆర్పి ఒకటి, వెలిగించి ఒకటి తీయండి. పక్కన కుర్చీ వేస్తే సైజు తెలుస్తుంది. కలెక్షన్ మొత్తం కలిపి ఇంకొకటి తీయండి, జత అడిగేవాళ్లకి అదే జవాబు. వెలిగించి తీసేటప్పుడు ఫోన్ తెర మీద వెలుగుతున్న చోట వేలు పెట్టి, వెలుతురు కొంచెం తగ్గించండి. అదిగో, నెమలి మెడలో ఒక్కో చిల్లూ విడివిడిగా కనిపిస్తోంది.