30 వేల చిన్న ల్యాప్‌టాప్: కొనేముందు ఏం చూడాలి, ప్రయాణంలో ఎలా వాడాలి

[దృశ్యం: కాటా మీద 14 అంగుళాల ల్యాప్‌టాప్. అంకె 1.4 కిలోల దగ్గర ఆగుతుంది. పక్కనే ఛార్జరు, వైరు పెడతారు. అంకె 1.7 దాటుతుంది.]

నమస్కారం. డబ్బా మీద రాసే బరువులో ఛార్జరు ఉండదు. బ్యాగులో మాత్రం రెండూ మోయాలి. కాబట్టి బరువు చూసేటప్పుడు రెండూ కలిపి చూడండి.

ప్రయాణాలకీ ఇంట్లో రోజువారీ పనికీ ఒకే చిన్న ల్యాప్‌టాప్ కావాలి, బడ్జెట్ 30 వేలు అటూ ఇటూ. ఈ ధరలో కంపెనీ ఎక్కడో ఒకచోట కోత పెట్టక తప్పదు. తర్వాత మార్చుకోగలిగిన భాగంలో కోత పెడితే ఇబ్బంది లేదు, రెండేళ్ళకి మనమే మార్చుకుంటాం. మదర్‌బోర్డుకి (అన్ని భాగాలూ కలిసే లోపలి ప్రధాన పలకకి) అతికించేసిన భాగంలో పెడితే మాత్రం ఆ యంత్రం ఉన్నన్నాళ్ళూ అంతే. ఈ వీడియోలో ముందు ఆ అతికించేసిన భాగాల గురించి మాట్లాడుకుందాం.

[దృశ్యం: రెండు మదర్‌బోర్డులు. ఒకదాని మీద నల్లటి చిప్పు, రెండోదానిలో స్క్రూతో బిగించిన ఎస్‌ఎస్‌డీ.]

మొదటిది స్టోరేజీ. బాగా చవక మోడళ్ళలో ఈఎంఎంసీ అనే చిప్పు ఉంటుంది. ఫోన్లలో వాడే జాతిది, బోర్డుకే అతికి ఉంటుంది, సైజు ఎక్కువగా 64 జీబీ. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ చెప్పే కనీస స్టోరేజీ కూడా సరిగ్గా 64 జీబీయే. అంటే మొదటి రోజు నుంచే అంచున ఉన్నట్టు. కొన్నాక చూస్తే 58 జీబీ చిల్లర కనిపిస్తుంది, అందులో సగం దాకా విండోసే తీసుకుంటుంది. బ్రౌజరు, ఆఫీసు, వాట్సాప్, నాలుగు ఫోటోలు వేసేసరికి పెద్ద అప్‌డేట్‌కి చోటు చాలదు. అప్‌డేట్ సగం దిగుతుంది, ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. ఈలోగా యంత్రం నత్తనడక.

ఇప్పటికే ఇలాంటిది మీ దగ్గరుంటే సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్‌లోకి వెళ్ళండి. అక్కడ పాత విండోస్ ఇన్‌స్టలేషన్ తాలూకు ఫైళ్ళుంటే తీసేయండి, చాలా చోటు దొరుకుతుంది. డౌన్‌లోడ్స్ అన్న గడిలో టిక్ పెట్టేముందు మాత్రం ఆగి చూసుకోండి. అందులో మీ సొంత ఫైళ్ళుంటే అవీ పోతాయి.

కొత్తగా కొనేవాళ్ళు స్పెసిఫికేషన్లలో ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, అంటే విడిగా బిగించే వేగమైన స్టోరేజీ కార్డు, ఉందో లేదో చూడండి. ఈఎంఎంసీ సెకనుకి 250, 300 ఎంబీ చదివితే గొప్ప. మామూలు ఎన్‌వీఎంఈ కూడా 1,500 పైనే చదువుతుంది. 256 జీబీ అయినా పర్వాలేదు, స్క్రూ విప్పి పెద్దది పెట్టుకోవచ్చు. అయితే చిన్న ల్యాప్‌టాప్‌లలో కొన్నిటికి 42 మిల్లీమీటర్ల పొట్టి రకమే పడుతుంది, మామూలుగా దొరికేది 80 మిల్లీమీటర్లది. పొడవు కొలిచాకే కొనండి.

రెండోది ర్యామ్, అంటే తెరిచిన యాప్‌లు పనిచేసేటప్పుడు వాడుకునే చోటు. 4 జీబీది ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. విండోస్ లేచి కూర్చునేసరికే రెండు జీబీల పైన అయిపోతుంది. మిగిలినదానిలో బ్రౌజరు ఇమడక స్టోరేజీని ర్యామ్‌లా వాడటం మొదలవుతుంది. ఆ స్టోరేజీ ఈఎంఎంసీ అయితే ఒక ట్యాబ్ నుంచి ఇంకో ట్యాబ్‌కి వెళ్ళడానికే ఎదురుచూడాలి. కనీసం 8 జీబీ ఉండాలి. అదనంగా స్లాటు ఉంటే ఇంకా మంచిది.

స్లాటు ఉందో లేదో షాపులోనే తెలుసుకోవచ్చు.

[దృశ్యం: టాస్క్ మేనేజర్, పెర్ఫార్మెన్స్, మెమరీ. ‘ఫామ్ ఫ్యాక్టర్’ అన్న వరుస చుట్టూ ఎర్ర గీత.]

డిస్‌ప్లేకి పెట్టిన ల్యాప్‌టాప్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ తెరవండి. ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే ర్యామ్ బోర్డుకి అతికించేసినట్టు. ‘సోడిమ్’ అని ఉంటే తీసి మార్చుకోవచ్చు.

ఇక ప్రాసెసర్. రెండు కోర్ల సెలెరాన్ ఎన్4020 ఇంకా కొత్త డబ్బాల్లో కనిపిస్తుంటుంది, దాని జోలికి పోకండి. ఇంటెల్ ఎన్100 అయితే నాలుగు కోర్లు, 6 వాట్ల తరగతి. బ్రౌజరు, వర్డ్, ఎక్సెల్, ఆన్‌లైన్ క్లాసులకి సరిపోతుంది. చాలా మోడళ్ళలో దీనికి ఫ్యాను ఉండదు, చప్పుడూ ఉండదు. కానీ మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఏసీ లేని గదిలో వాడితే వేడికి వేగం తగ్గించుకుంటుంది. అలాంటి చోట ఉండేవాళ్ళకి ఫ్యాను ఉన్న ఐ3-1215యూ మేలు.

ఏఎండీలో రైజెన్ 3 7320యూ ఉంది. పేరులో 7000 చూసి సరికొత్తది అనుకోవద్దు, లోపలున్నవి 2019 నాటి జెన్ 2 కోర్లు. పనితనం బాగానే ఉంటుంది. దీని ర్యామ్ మాత్రం ఏ కంపెనీ మోడల్లోనైనా అతికించిందే. 8 జీబీ కొంటే ఎప్పటికీ 8 జీబీయే.

[దృశ్యం: రెండు స్క్రీన్లు పక్కపక్కన. పైనుంచి చూస్తే ఒకదానిలో రంగులు మారిపోతాయి.]

స్క్రీను దగ్గర ఒకటే పరీక్ష. తెరిచి, లేచి నిలబడి పైనుంచి చూడండి. రంగులు మారిపోతే అది టీఎన్ ప్యానెల్. బస్సులో ఒళ్ళో పెట్టుకుంటే సరైన కోణం దొరకదు, మెడ నొప్పి. ఏ కోణంలో చూసినా రంగులు పెద్దగా మారని ఐపీఎస్ ప్యానెల్, ఫుల్ హెచ్‌డీ ఉన్నది తీసుకోండి.

జియో కంపెనీ చిన్న ల్యాప్‌టాప్ జియోబుక్ సంగతి చాలామంది అడుగుతారు. 2023లో 16,499 రూపాయలకి వచ్చింది, బరువు 990 గ్రాములే. కానీ దానిలో ఉన్నది విండోస్ కాదు, జియోఓఎస్. క్రోమ్‌బుక్‌లదీ దాదాపు ఇదే సంగతి. టాలీ గానీ, డీటీపీవాళ్ళు వాడే అను స్క్రిప్ట్ మేనేజర్ గానీ వీటిలో ఎక్కవు. పిల్లల చదువుకీ, చూడటానికీ, టైపింగుకీ అయితే హాయిగా వాడుకోవచ్చు.

విండోస్ మోడళ్ళలోనూ ఎస్ మోడ్ అని ఒకటుంది. స్టోర్‌లో ఉన్న యాప్‌లు తప్ప వేరేవి ఎక్కనివ్వదు. సెట్టింగ్స్, సిస్టమ్, యాక్టివేషన్‌లోంచి స్టోర్‌కి వెళ్ళి బయటికి రావచ్చు. ఖర్చు లేదు. మళ్ళీ వెనక్కి వెళ్ళడం మాత్రం కుదరదు. ఇంకొకటి, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (ఆన్‌లైన్ సంతకానికి గుచ్చే పెన్‌డ్రైవ్ లాంటిది) వాడేవాళ్ళు పాత రకం పెద్ద యూఎస్‌బీ పోర్టు ఒక్కటైనా ఉందో లేదో చూసుకోండి.

[దృశ్యం: ల్యాప్‌టాప్ పక్కభాగం, టైప్-సీ పోర్టు దగ్గరగా.]

ప్రయాణం చేసేవాళ్ళకి ప్రాసెసర్ కన్నా ఈ చిన్న రంధ్రం ముఖ్యం అని మా అభిప్రాయం. టైప్-సీ ఉన్నంత మాత్రాన దానితో ఛార్జింగ్ అవుతుందని కాదు. కొన్ని చవక మోడళ్ళలో అది డేటాకే, ఛార్జింగుకి గుండ్రటి పిన్ను వేరే. స్పెసిఫికేషన్లలో ‘పవర్ డెలివరీ’ అన్న మాట ఉండాలి. అది ఉంటే 45 లేదా 65 వాట్ల ఛార్జరు ఒక్కటి ఫోనుకీ ల్యాప్‌టాప్‌కీ సరిపోతుంది. 20 వాట్ల ఫోన్ ఛార్జరు పెడితే ఎందుకు ఎక్కదంటే, ఇలాంటి ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా 20 వోల్టులు అడుగుతాయి, అది అంతవరకు ఇవ్వలేదు.

బ్యాటరీ లెక్క గంటల్లో కాదు, వాట్ అవర్లలో, అంటే ఎంత కరెంటు పడుతుందో చూడండి. దాన్ని వాడే వాట్లతో భాగిస్తే గంటలు వస్తాయి. 42 వాట్ అవర్ల బ్యాటరీ, మామూలు బ్రౌజింగుకి 6, 7 వాట్లు అనుకుంటే ఆరు గంటలు. వీడియో కాల్‌కి 10, 12 వాట్లు లాగితే నాలుగు గంటలకి అటూ ఇటూ. పవర్ బ్యాంక్ 20,000 ఎంఏహెచ్ అంటే 20 ఆంపియర్ అవర్లు, లోపలి సెల్ వోల్టేజీ 3.7తో గుణిస్తే 74 వాట్ అవర్లు. నష్టాలు పోను 60 దాకా దక్కుతాయి, ల్యాప్‌టాప్‌ని ఒకసారి నింపుతుంది. అదీ 45 వాట్ల పవర్ డెలివరీ ఉంటేనే. విమానంలో 100 వాట్ అవర్ల లోపుది చేతి బ్యాగులో పెట్టుకోవాలి, చెకిన్ లగేజీలో వేయకూడదు.

రైలైతే, రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా ఛార్జింగ్ పాయింట్లకి కరెంటు ఆపే నిబంధన ఉంది. విశాఖలో సాయంత్రం గోదావరి ఎక్కేవాళ్ళు పడుకునేముందు కాదు, ఎక్కగానే ఛార్జింగ్ పెట్టేయండి. చాలా బోగీల్లో ఆ పాయింట్ల మీద 110 వోల్టులు అని ఉంటుంది. మీ అడాప్టరు మీద ఇన్‌పుట్ 100–240 అని రాసి ఉంటే భయం లేదు.

బ్యాగులో పెట్టేముందు ఇంకో పని. మూత మూస్తే విండోస్ పూర్తిగా నిద్రపోదు. లోపల అప్‌డేట్లూ, వైఫై నడుస్తూ ఉండొచ్చు. గాలాడని బ్యాగులో వేడెక్కి, తెరిచేసరికి బ్యాటరీ సున్నా. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, ‘చూజ్ వాట్ క్లోజింగ్ ద లిడ్ డజ్’ దగ్గర హైబర్నేట్ (పని డిస్కులో దాచి పూర్తిగా ఆగిపోవడం) పెట్టండి. జాబితాలో హైబర్నేట్ కనిపించకపోతే ముందు కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి powercfg /hibernate on అని కొట్టాలి. తెరుచుకోవడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది, అంతే.

[దృశ్యం: విరిగిన కీలు, ఊడిన ఇత్తడి మర.]

చవక ల్యాప్‌టాప్‌లలో ముందు పోయేది మూత కీలు. ఇనప కీలుని బిగించే మరలు చిన్న ఇత్తడి గొట్టాల్లోకి దిగుతాయి, ఆ గొట్టాలు ఉండేది పల్చటి ప్లాస్టిక్కులో. రోజూ ఒక మూల పట్టుకుని ఎత్తితే బలమంతా ఒక కీలు మీదే పడి ప్లాస్టిక్ పగులుతుంది. మధ్యలో పట్టుకుని తెరవండి. మూల దగ్గర కాస్త సందు కనిపించగానే రిపేరుకి ఇవ్వండి, ఎపాక్సీతో సరిపోతుంది. ఆలస్యం చేస్తే స్క్రీను కేబులూ తెగుతుంది.

కొత్తది వద్దు, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట పాత లెనోవో థింక్‌ప్యాడ్ తీసుకుంటామంటే అదీ మంచి ఆలోచనే. కీలు, కీబోర్డు గట్టివి. కాకపోతే ఎక్స్270 అనే మోడల్లో ర్యామ్ మార్చుకోవచ్చు, విండోస్ 11కి మాత్రం అధికారికంగా అర్హత లేదు. ఎక్స్280కి అర్హత ఉంది, ర్యామ్ అతికించేశారు. ఎక్స్280 తీసుకుంటే 16 జీబీది వెతకండి. డబ్బులిచ్చేముందు రెండు చూడాలి. బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు తెరుచుకునే యంత్రం సెట్టింగుల్లోకి) వెళ్తే పాస్‌వర్డ్ అడగకూడదు. విండోస్ రీసెట్ చేసి వైఫై తగిలిస్తే ఏదో కంపెనీ పేరు చెప్పి ఆఫీసు ఈమెయిలు అడగకూడదు. అడిగితే ఆ యంత్రం ఇంకా ఆ కంపెనీ ఖాతాలోనే ఉందన్నమాట, వదిలేయండి.

ఇంటికి తెచ్చాక తెలుగు టైపింగ్ కోసం వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. సెట్టింగ్స్, టైమ్ అండ్ లాంగ్వేజ్‌లో తెలుగు చేర్చి ఫొనెటిక్ కీబోర్డు పెట్టుకోండి. విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది.

చివరిగా, దీన్ని వాయిదా వేయకండి. కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అవగానే చాలాసార్లు డిస్క్ ఎన్‌క్రిప్షన్, అంటే ఫైళ్ళన్నిటికీ రహస్య తాళం, దానంతటదే ఆన్ అవుతుంది. దొంగలు ఎత్తుకుపోయినా ఫైళ్ళు చదవలేరు, అది మంచిదే. కానీ బోర్డు మార్చినా, బయోస్ అప్‌డేట్ అయినా 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది లేకపోతే మీ ఫైళ్ళు మీకూ దక్కవు. ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిచి, డివైసెస్‌లో ఆ కీ చూసి, కాగితం మీద రాసి ఇంట్లో బీరువాలో పెట్టండి. ల్యాప్‌టాప్ బ్యాగులో మాత్రం వద్దు.