కాగితం లేకుండా వాక్యం చెప్పాలంటే

అందరికీ వందనాలు. చేతిలో కాగితం లేకుండా వాక్యం చెప్పే, అంటే బైబిలు ప్రసంగం చేసే బోధకుణ్ణి చూసి "ఆయనకు జ్ఞాపకశక్తి ఎక్కువ" అనుకుంటాం. కానీ తర్వాతి అంశం మరిచిపోయి తడుముకునేవాళ్ళ ప్రసంగాలు విప్పి చూస్తే, లోపం చాలావరకు అంశాల అల్లికలోనే దొరుకుతుంది.

బైబిల్లో లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుడి కథ తీసుకోండి. "తండ్రి ప్రేమ, తండ్రి ఓర్పు, తండ్రి క్షమ" అని మూడు అంశాలు రాసుకున్నారనుకుందాం. రెండోదాన్ని మూడోదిగా చెప్పినా వినేవాళ్ళకు తేడా తెలియదు. మరి మీకు మాత్రం ఆ వరస ఎందుకు గుర్తుంటుంది? అదే భాగాన్ని ఇలా అడిగి చూడండి. చిన్నవాడు ఇల్లు విడిచి ఏం పోగొట్టుకున్నాడు? పందుల దగ్గరున్నవాణ్ణి వెనక్కి తిప్పింది ఏది? తిరిగొచ్చినవాణ్ణి తండ్రి ఎలా చేర్చుకున్నాడు? అది చూసి పెద్దవాడు ఎందుకు అలిగాడు? ఒకదానికి జవాబు చెప్పగానే తర్వాతి ప్రశ్న తనంతట తానే వస్తుంది. మీ అంశాలను తారుమారు చేసి చూడండి. ఏ ఇబ్బందీ లేకుండా మారిపోతే ఆ వరస మనసులో నిలవదు. అరగంట ప్రసంగానికి ఇలాంటి మెట్లు మూడు, మహా అయితే నాలుగు. ఆరు పెడితే గుర్తుండటం మాట అటుంచి, సమయమే చాలదు.

కాగితం చూడకుండా చెప్పాలనుకునేవాళ్ళే ముందు కాగితం మీద ఎక్కువ రాయాలి. మొత్తం రాస్తేనే వాదన ఎక్కడ తెగిందో కనబడుతుంది. దాన్ని ఒక పేజీకి కుదించండి. ఆ పేజీని అంశానికో మాట చొప్పున మూడు నాలుగు మాటలకు తీసుకురండి. ఇక మొదటి ప్రతి తెరవొద్దు. పదేపదే తెరిస్తే వాక్యాలు కంఠతా వచ్చేస్తాయి. అప్పుడు ఒక్క మాట జారినా వెనకున్నదంతా ఆగిపోతుంది, కళ్ళు పైకప్పు వైపు పోతాయి, గొంతు పాఠం అప్పజెప్పినట్టు సాగుతుంది.

లేచి నిలబడి, గొంతెత్తి మూడుసార్లు చెప్పుకోండి. ప్రతిసారీ మాటలు మారనివ్వండి. నాలుగోసారి మధ్య అంశం నుంచి మొదలుపెట్టండి. ఎప్పుడూ మొదటి నుంచే సాధన చేస్తే ఆరంభం నున్నగా వస్తుంది, రెండో సగం తడబడుతుంది. ఇదంతా ముందురోజే ముగియాలి. ఒక రాత్రి గడిస్తే జ్ఞాపకం గట్టిపడుతుందని రోమన్ వక్తృత్వ గురువు క్వింటిలియన్ 1వ శతాబ్దంలోనే రాశాడు. ఆదివారం పొద్దున్నే బట్టీ పట్టేవాళ్ళు ఆ లాభాన్ని చేజేతులా వదులుకుంటున్నారు.

కంఠతా పట్టాల్సింది కొంచెమే: మొదటి రెండు వాక్యాలు, చివరి రెండు వాక్యాలు. మొదటివి వణుకు దాటిస్తాయి. చివరివి సిద్ధంగా లేకపోతే "చివరగా ఒక్క మాట" అని మూడుసార్లు అంటూ పది నిమిషాలు అక్కడక్కడే తిరుగుతాం. లేఖనాలు, అంకెలు, ఇతరుల మాటలు మాత్రం చూసే చదవండి. బైబిలు తెరిచి చదివితే ఎవరూ తప్పుపట్టరు. వచనాన్ని తప్పుగా వల్లిస్తే తప్పుపడతారు.

మధ్యలో బుర్ర ఖాళీ అయిపోతే ఆగండి. మూడు సెకన్ల మౌనం మీకు యుగంలా తోస్తుంది గాని సంఘానికి అది ఊపిరి పీల్చుకునే విరామమే. అప్పుడే చెప్పిన వాక్యాన్ని ఇంకోలా చెప్పండి. అయినా తట్టకపోతే బైబిల్లోకి చూడండి. వాక్యభాగం వరసనే వెళ్తున్నారు కాబట్టి మీ తర్వాతి అంశం ఆ కింది వచనంలోనే ఉంటుంది. ఆరంభంలో "ఇవాళ నాలుగు సంగతులు" అని లెక్క ప్రకటించకపోవడం మేలని నా అభిప్రాయం. మూడు చెప్పి కూర్చుంటే నాలుగోది ఏదని అడిగేవాళ్ళు తప్పకుండా ఉంటారు.

ఏదైనా జారిపోతే వెనక్కి వెళ్ళి అతికించొద్దు. అన్నట్టు, ఆ చిన్న కొడుకు కూడా తండ్రితో చెప్పడానికి మూడు మాటలు సిద్ధం చేసుకునే బయల్దేరాడు. అదే లూకా 15లో 18, 19 వచనాలు చూడండి. 21వ వచనంలో రెండే పలికాడు. కూలివాడిగా పెట్టుకోమన్న మూడో మాట రాకముందే తండ్రి దాసులతో మాట్లాడటం మొదలుపెట్టాడు.

ప్రసంగం అయిన రోజే, ఏ అంశం జారిందో, దానికి ముందు ఏం చెబుతున్నారో రాసి పెట్టుకోండి. అదే ప్రసంగం మరోచోట చెప్పినప్పుడు మళ్ళీ అక్కడే జారితే, సాధన పెంచి లాభం లేదు. ఆ రెండు అంశాలను కలిపే ప్రశ్నను మార్చాలి.