షవర్‌లో ధార లేదా? ముందు బోరు మోటార్‌ను వదిలేయండి

"పై అంతస్తులో షవర్ సన్నగా వస్తోంది. ఒకటిన్నర హెచ్‌పీ తీసేసి మూడు హెచ్‌పీ మోటార్ వేయిస్తే సరిపోతుందా?" ఈ ప్రశ్న విన్న ప్రతిసారీ నాకు బాధగా ఉంటుందండీ. చాలామంది అడక్కుండానే మార్చేస్తున్నారు. వేలకు వేలు పోతున్నాయి, షవర్ మాత్రం ఎప్పటిలాగే ఉంటోంది.

బోరు మోటార్ పని నీళ్లను మేడ మీది ట్యాంకులోకి ఎక్కించడం. అంతవరకే. మీరు కుళాయి తిప్పినప్పుడు నీళ్లను నెట్టేది మోటార్ కాదు, ఎత్తు.

మూడంతస్తుల ఇల్లు ఒకటి తీసుకుందాం. ఒక్కో అంతస్తు 10 అడుగులు. పై స్లాబు మీద 2 అడుగుల దిమ్మె, దాని మీద ట్యాంకు. కింద పెరట్లో కుళాయి నేల నుంచి 2 అడుగుల ఎత్తులో ఉంది. అంటే ట్యాంకు అడుగు నుంచి దానికి 30 అడుగుల ఎత్తు దక్కుతోంది. 10 మీటర్ల నీటి ఎత్తుకు ఒక కేజీ ప్రెషర్ (అంటే చదరపు సెంటీమీటరు మీద ఒక కేజీ బరువు) లెక్కన ఇది సుమారు 0.9 కేజీ. మరి పై అంతస్తు షవర్? అది ఆ అంతస్తు గచ్చు నుంచి 7 అడుగుల ఎత్తులో ఉంటుంది. ట్యాంకు అడుగు దానికంటే 5 అడుగులు మాత్రమే ఎత్తులో ఉంది. 0.15 కేజీ! అదే ట్యాంకు, అవే నీళ్లు, ఆరో వంతు ప్రెషర్.

ఇప్పుడు అదే ఇంట్లో ట్యాంకు నింపండి. లోపల 4 అడుగుల నీళ్లుంటే షవర్‌కి దక్కే ఎత్తు 5 నుంచి 9 అడుగులవుతుంది. దాదాపు రెట్టింపు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు బాగా వచ్చి, ఖాళీ అయ్యేకొద్దీ ధార సన్నబడుతోందా? అయితే మీ సమస్య ఎత్తుదే. వెయ్యి లీటర్ల ట్యాంకు తీసి రెండు వేలది పెట్టినా, నీటి మట్టం పెరగనంతవరకు ప్రెషర్ పెరగదు.

సరే, ఆ ఇంట్లోనే పెరటి కుళాయి కూడా నీరసంగా వస్తోందనుకోండి. 30 అడుగుల ఎత్తున్నా రావడం లేదంటే ఎక్కడో అడ్డం ఉంది. ఆ ఒక్క కుళాయేనా? మూతి దగ్గరి జాలీ విప్పి చూడండి. బోరు నీళ్లు కదా, రంధ్రాల్లో తెల్లటి గార గట్టిగా పట్టేసి, మధ్యలో ఇసుక రేణువులు ఇరుక్కుని ఉంటాయి. సూదితో పొడవకండి, జాలీ చిరుగుతుంది. గంటసేపు వెనిగర్‌లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. కుళాయిలన్నీ అలాగే ఉంటే ట్యాంకు దగ్గరి గేట్ వాల్వ్ పూర్తిగా తెరుచుకుందో లేదో చూడండి. ట్యాంకు ఒకసారి ఖాళీ అయ్యాక మొదలైన సమస్యైతే ఎయిర్ లాక్ కావచ్చు, అంటే పైపులో గాలి ఇరుక్కుని నీళ్లను అడ్డుకోవడం. ట్యాంకు నుంచి దిగే పైపుకి, నిండు ట్యాంకు మట్టం కంటే ఎత్తుగా ఒక గాలి గొట్టం పెట్టిస్తే మళ్లీ మళ్లీ రాదు. సన్న పైపు కూడా అడ్డమే. పొదుపు పేరుతో మొదటి నుంచీ అర అంగుళం పైపే లాగేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. ముప్పావు అంగుళం పైపులో నీటి దారి దానికి రెండింతల పైనే!

బోరుని ఎప్పుడు అనుమానించాలి? ట్యాంకు నిండడానికి పట్టే టైమ్ పెరిగినప్పుడు. బోరు నీళ్లు ట్యాంకులో పడే పైపు దగ్గర 20 లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లలో నిండుతుందో చలికాలంలో రాసిపెట్టుకుని, ఎండాకాలంలో మళ్లీ చూడండి. నీళ్లు గాలితో కలిసి నురగగా, ఆగి ఆగి వస్తున్నాయంటే బోరులో మట్టం పంపు దాకా దిగిపోయి ఉండొచ్చు. అక్కడ మూడు హెచ్‌పీ దించితే ఉన్న నీళ్లను ఇంకా త్వరగా తోడేస్తుంది. సబ్‌మెర్సిబుల్‌ని, అంటే బోరు లోపల నీళ్లలో మునిగి ఉండే మోటార్‌ని, చల్లబరిచేది దాన్ని ఒరుసుకుంటూ వెళ్లే నీళ్లే. అవి లేకపోతే కాలిపోతుంది.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. దిమ్మెని ఇంకో 5 అడుగులు లేపితే ఆ షవర్‌కి దక్కే ఎత్తు రెట్టింపవుతుంది. కానీ వెయ్యి లీటర్లంటే టన్ను బరువు, ఇంజినీర్‌ని అడిగాకే. కుదరకపోతే పై అంతస్తు లైనుకి మాత్రమే ప్రెషర్ పంపు పెట్టించండి. ఆ పంపు కుళాయి తిప్పగానే టకటకా ఆన్, ఆఫ్ అవుతుంటే దాని ప్రెషర్ ట్యాంకులో, అంటే పంపుకి బిగించి ఉండే గాలి నింపిన చిన్న ట్యాంకులో, గాలి తగ్గినట్టు. కరెంటు ఆపి, నీళ్లు వదిలేసి, ఆ చిన్న ట్యాంకు గాలి పిన్ను నొక్కండి. నీళ్లు చిమ్మితే లోపలి రబ్బరు సంచి చిరిగింది. గాలే వస్తే, పంపు 20 పీఎస్‌ఐ (టైర్లలో గాలి కొలిచే లెక్కే) దగ్గర ఆన్ అయ్యేదైతే 18 వరకు గాలి కొట్టించండి.